గంటంపావు దూరంలో చెన్నై

మిర్యాలగూడలో రైస్ మిల్లుల వెనక బస్తీలో ఉషారాణి ఇల్లు ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. అక్కడి అంగన్‌వాడీ టీచర్ ఆమె. మిల్లు పనికి పోయే ఆడవాళ్లు పొద్దున్నే పిల్లల్ని ఆమె దగ్గర వదిలిపోతారు. ముక్కు కారుతున్న పిల్లను చంకనేసుకొని, ఇంకొకడికి గుడ్డు వొలిచి పెడుతూ, మూడోవాడి చేత అక్షరాలు దిద్దించేది. గొంతు పెద్దది. అప్పట్లో నవ్వు కూడా పెద్దగానే ఉండేది.

భర్త శ్రీను డీసీఎం లారీ డ్రైవరు. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం బస్తాలు ఎత్తుకొని సూర్యాపేటకో కోదాడకో దించి వచ్చేవాడు. ఇంట్లో ఉన్నంతసేపూ మాట్లాడుతూనే ఉండేవాడు. రోడ్డు మీద చూసినవన్నీ చెప్పాలి, భార్య వినకపోతే కూతురికి, కూతురు చదువుకుంటుంటే తల్లికి. తల్లి సైదమ్మ వాళ్ల దగ్గరే ఉండేది. గరిడేపల్లి పక్క పల్లె వాళ్లది. మొగుడు పోయినంక నాట్లకు, కోతలకు పోయి ఇద్దరు కొడుకుల్ని పెంచింది. పెద్దవాడు దేవదాసు కోదాడలో ధాన్యం కొట్లో హమాలీల మేస్త్రీ. చిన్నవాడు శ్రీను. ఆమెకు చిన్నవాడంటేనే ఎక్కువ ప్రేమ అని దేవదాసే నవ్వుతూ అనేవాడు, అందులో కోపం ఉండేది కాదు.

రెండేళ్ల కిందటి వానాకాలంలో శ్రీను సూర్యాపేటలో సరుకు దించి, అన్నను చూసి పోదామని కోదాడ దిక్కు హైవే ఎక్కాడు. దారిలో టైరు పంక్చరయింది. బండి పక్కకు ఆపి, వెనక వచ్చేవాళ్లకు కనబడేటట్టు రాళ్లు పెడుతుంటే ఒక కారు గుద్ది ఆగకుండా పోయింది. అటుగా పోయే ఎవరో సూర్యాపేట దవాఖానకు చేర్చారు. అక్కణ్నుంచి హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సులో ఉషారాణి, దేవదాసు ఎక్కారు. పదో తరగతి చదువుతున్న కూతురు నవ్యను చూసుకోవడానికి సైదమ్మ ఇంట్లోనే ఉండిపోయింది.

మూడో నాడు పొద్దున పెద్ద డాక్టరు ఇద్దర్నీ తన గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు.

"మెదడు పూర్తిగా ఆగిపోయిందమ్మా. రెండుసార్లు పరీక్ష చేశాం. ఇక తిరిగి రాదు."

ఉషారాణి లేచి ఐసీయూలోకి పోయింది. శ్రీను తలకు కట్టు తప్పితే ఒంటి మీద పెద్ద దెబ్బలు లేవు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. ఆమె అతని ఛాతీ మీద చెయ్యి పెట్టింది. ఒళ్లు వెచ్చగా ఉంది. చెయ్యి కింద గుండె కొట్టుకుంటోంది.

వెనకే వచ్చిన డాక్టరును అడిగింది. "గిది గిట్ల కొట్టుకుంటుంటె మనిషి ఖతం అయిండని ఎట్లంటరు సారూ?"

"మిషన్ ఊపిరి పోస్తోంది కాబట్టి ఆడుతోందమ్మా. మిషన్ పెట్టినా ఒకటి రెండు రోజులకు మించి ఆడదు. అదీ ఆగిపోతుంది."

ఆ మధ్యాహ్నం అక్షిత వచ్చింది. అవయవదానం గురించి మెదడు ఆగిపోయినవాళ్ల ఇంటివాళ్లతో మాట్లాడటం ఆ ఆస్పత్రిలో ఆమె ఉద్యోగం. పాతికేళ్లు దాటి ఉండవు. నెమ్మదిగా మొదలుపెట్టి, కిడ్నీలు, కాలేయం, కళ్లు అంటూ చెప్పుకొస్తోంది. ఉషారాణి వింటున్నట్టు లేదు. గుండె అన్నప్పుడు మాత్రం తలెత్తింది.

"గుండె ఇంకొకళ్లకు పెడితె కొట్టుకుంటనే ఉంటదా?"

"ఉంటుందక్కా."

"గిట్లనే? గిప్పుడు కొట్టుకుంటున్నట్టే?"

"ఇంతకంటే బాగా."

దానం, పుణ్యం, నలుగురి ప్రాణాలు కాపాడటం, ఇవేవీ ఆ పూట ఉషారాణి మనసులోకి రాలేదు. తన చెయ్యి కింద ఆడుతున్నది ఆగిపోకూడదు. అంతే. "ఇస్త" అంది.

దేవదాసు కంగారుపడ్డాడు. "ఆగు ఉషా. అమ్మకి చెప్పాలి గదా ముందు. రేపు అడిగితే ఏం చెప్తాం?"

ఉషారాణి బయటికి పోయి ఫోన్ చేసింది. ఒక్క రింగుకే ఎత్తింది సైదమ్మ.

"ఏం బిడ్డా, కండ్లు తెరిసిండా?"

"లేదత్తా."

"తెరుస్తడు. నేను, నవ్య పొద్దుగాల్నుంచి మోకాళ్ల మీద ప్రార్థనల్నే ఉన్నం. నువ్ జర తిన్నవా?"

"తిన్న" అని ఉషారాణి ఫోన్ పెట్టేసింది. చెప్పడం ఆమె వల్ల కాలేదు. లోపలికి వచ్చి, చూపించిన చోటల్లా సంతకం పెట్టింది.

మర్నాడు పొద్దున అక్షిత చెప్పింది, గుండె చెన్నైకి పోతుందని. ఇక్కడ ఎదురుచూస్తున్న వాళ్లలో ఎవరికీ కుదరలేదు, అక్కడ ఒకాయనకు కుదిరింది.

ఉషారాణి ముఖం తెల్లబోయింది. "చెన్నైనా? మా ఆయన ఒకసారి లోడు ఏస్కోని పోయిండు. పొద్దుగాల పోయినోడు మల్లా తెల్లారినంక చేరిండు. అంతసేపు ఆగుతదా అది?"

"లారీలో కాదక్కా, విమానంలో. ఐదు వందల కిలోమీటర్ల పైచిలుకు. గాల్లో గంటంపావు, అంతే. ఇటు ఎయిర్‌పోర్టు దాకా, అటు దిగినంక ఆస్పత్రి దాకా పోలీసులు రోడ్డంతా ఖాళీ చేయిస్తారు. ఇక్కడ తీసినప్పటి నుంచి నాలుగు గంటల్లోపు అక్కడ మళ్లీ కొట్టుకోవాలి."

"విమానం లేటయితె?"

అక్షిత చేతిలోని ఫోన్ దిక్కు చూసుకుంది. "కానివ్వరక్కా" అంది.

ఆపరేషన్‌కు తీసుకుపోయే ముందు ఉషారాణి మంచం పక్కన కూర్చొని భర్త ఛాతీ మీద చెవి ఆనించింది. నర్సు వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా లేవలేదు.

మధ్యాహ్నం దాటాక డాక్టర్లు పరుగులాంటి నడకతో బయటికి వచ్చారు. ఒకాయన చేతిలో చిన్న డబ్బా ఉంది. అంగన్‌వాడీకి టీకాల మందు తెచ్చే ఐసు డబ్బా కంటే ఇది కొంచెం పెద్దది, అంతే. ఉషారాణి గేటు దాకా వెంట పోయింది. అంబులెన్సు సైరన్ వేసుకుంటూ వెళ్లిపోయింది. ముందు పోలీసు జీపు, వెనక పోలీసు బండ్లు. ట్రాఫిక్ ఆపేసిన రోడ్డు ఆ చివరి దాకా ఖాళీగా కనబడింది. బతికినన్నాళ్లూ శ్రీనుకు ఒక్క ఎర్ర లైటు దగ్గర కూడా ఎవరూ దారి ఇవ్వలేదు.

అప్పుడే వాన మొదలైంది. ఉషారాణి వరండాలో నిలబడి మబ్బు దిక్కే చూస్తోంది. ఫోన్ చేతిలో పట్టుకొని తిరుగుతున్న అక్షితను ప్రతిసారీ అడుగుతోంది.

"లేసిందా?"

"ఇంకా లేదక్కా. వాన కదా, కొంచెం ఆపారు."

దేవదాసు టీ తెచ్చి ఇస్తే పట్టుకుంది గాని తాగలేదు. చల్లారిన టీ చేతిలో ఉండగానే అక్షిత వచ్చి "లేచింది" అని చెప్పింది. ఆ గంటంపావూ ఉషారాణి బెంచీ మీద కదలకుండా కూర్చుంది. ఆ తర్వాత "దిగింది" అన్న మాట వచ్చింది. దిగినంక ఎదురుచూడటమే అన్నిటికంటే కష్టమైంది. వాన వెలిసింది, వరండాలో లైట్లు వేశారు, అప్పుడు అక్షిత నడవా ఆ చివర నుంచే చెయ్యెత్తింది. దగ్గరికి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"కొట్టుకుంటోంది అక్కా."

ఉషారాణి నవ్వింది. గట్టిగానే నవ్వింది. దేవదాసు బెదిరిపోయి "ఉషా! ఏమైందమ్మా, ఉషా!" అంటూ భుజాలు పట్టుకొని కుదిపాడు. ఆ నవ్వు ఏడ్పులోకి తిరగడానికి ఎంతోసేపు పట్టలేదు. సరిగ్గా అప్పుడే మార్చురీ మనిషి వచ్చి "శ్రీను తాలూకు ఎవరు?" అని పిలిచాడు.

పొద్దున గరిడేపల్లి పక్క వాళ్ల పల్లెకు శవాన్ని చేర్చారు. సైదమ్మ కొడుకుకు కొత్త చొక్కా తొడుగుతానని పట్టుబట్టింది. వద్దంటే వినలేదు. బట్ట తీసి చూసేసరికి గొంతు కింద నుంచి పొట్ట దాకా కుట్లు.

"తలకు దెబ్బ తగిలిందంటిరి గదరా. గీడెందుకు కోసిండ్రు?"

దేవదాసు తల దించుకున్నాడు. ఉషారాణే చెప్పింది, దాచకుండా, ఒక్కొక్కటీ. సైదమ్మ విన్నంతసేపూ కొడుకు చొక్కా గుండీలు పెడుతూనే ఉంది. చివరి గుండీ పెట్టి లేచింది.

"నా కొడుకు గుండె ఊరు గాని ఊర్ల ఇడిసిపెట్టొచ్చినవా? రేపు దేవుడు సచ్చినోళ్లను లేపిననాడు నా బిడ్డ ఏం పెట్టుకొని లేస్తడే?"

వాళ్ల చర్చి పాస్టరయ్య దగ్గరికి వచ్చి, మట్టిలోంచి లేపగల దేవుడికి ఇదొక లెక్క కాదమ్మా అని నచ్చజెప్పాడు. ఆమె చెవికెక్కలేదు. మట్టి ఇచ్చాక పెద్దకొడుకు వెంట కోదాడ పోయింది. "దాని చేతి కూడు నేను తినను" అని అందరి ముందే చెప్పి పోయింది.

పల్లెలోనూ బస్తీలోనూ తలా ఒక మాట అన్నారు. గుండెను అమ్ముకుందన్నారు కొందరు. అంగన్‌వాడీకి పిల్లల్ని పంపడం మానలేదు గాని, తల్లులు గుమ్మంలో నిలబడి మాట్లాడటం తగ్గించారు. ఉషారాణి ఎవరికీ జవాబు చెప్పలేదు. ఆమెకు ఒకటే ఆసరా. నెలకోసారి అక్షితకు ఫోన్ చేసేది.

"ఎట్లున్నది చెల్లే?"

ఆయన ఎట్లున్నడని అడిగేది కాదు. అక్షితకు అది మొదట్లో వింతగా అనిపించినా తర్వాత అలవాటైంది. "బాగుందక్కా" అనేది. అంతకు మించి ఆయన పేరు గాని, ఇల్లు గాని చెప్పడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఆ ఒక్క మాట చాలు ఉషారాణికి. ఆ రోజు కొంచెం అన్నం ఎక్కువ తినేది, నవ్యకు జడ వేసేది.

మిర్యాలగూడ మీదుగా చెన్నైకి రైలు పోతుంది. వేసవి సెలవులు ఇచ్చినంక ఒక సాయంత్రం నవ్యను పక్కింట్లో పడుకోమని చెప్పి ఆమె ఆ రైలెక్కింది. ఏ ఆస్పత్రో అక్షిత చెప్పలేదు గాని అప్పట్లో పేపర్లో పడింది. తెల్లారేసరికి చెన్నైలో దిగి, వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ అక్కడికి చేరింది. లోపలికి పోలేదు. పోయి ఏమని అడగాలి? గేటుకు ఎదురుగా రోడ్డు అవతల ఒక టీకొట్టు ఉంది. ఆ బెంచీ మీద కూర్చుంది.

గేటులోంచి మనుషులు వస్తున్నారు, పోతున్నారు. మగవాళ్లనే చూసింది. ముక్కుకు గుడ్డ కట్టుకొని భార్య చెయ్యి పట్టుకొని నడిచొచ్చే నడివయసు మనిషిని చూసి లేచి నిలబడింది. ఆయన ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. ఇంకాసేపటికి ఒక బక్కపలచటి మనిషి గేటు దగ్గర ఆగి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని గాలి పీల్చుకున్నాడు. ఆయన కావచ్చు. కాకపోవచ్చు. వచ్చే ప్రతివాడూ ఆయనే కావచ్చు.

టీకొట్టు నడిపేది నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడిన ఆమె. పొద్దున్నుంచీ కూర్చున్న మనిషిని చూసి తెలుగులోనే పలకరించింది.

"ఎవరి కోసమమ్మా, ఇంతసేపట్నించి కూర్చున్నావు?"

"మా ఆయన కోసం."

"లోపలున్నాడా?"

"తెల్వదు" అంది ఉషారాణి.

టీకొట్టు ఆమె రెండు ఇడ్లీలు ఆకులో పెట్టి ఇచ్చింది. పొద్దు గూకేదాకా ఉండి, ఉషారాణి తిరుగు రైలెక్కింది. మళ్లీ పోలేదు. నవ్య అడిగితే "ఊకెనే పోయి ఒచ్చిన బిడ్డా" అని చెప్పింది.

శ్రీను పోయి ఏడాది దాటి రెండో ఏడాది సగంలో ఉండగా అక్షిత ఫోన్ ఎత్తడం మానేసింది. ఒకసారి, రెండుసార్లు, వారం తర్వాత మళ్లీ. ఉషారాణికి లోపల ఏదో తెలిసిపోయింది గాని ఒప్పుకోలేదు. తర్వాతి శనివారం, పిల్లలకు అన్నాలు పెడుతున్న వేళకు అక్షిత అంగన్‌వాడీ గుమ్మంలో నిలబడి ఉంది. హైదరాబాద్ నుంచి బస్సులో వచ్చింది. ఫోన్లో చెప్పే మాట కాదని వచ్చింది.

ఉషారాణి గరిటె కింద పెట్టలేదు. ముందు పిల్లలందరికీ పప్పు పోసింది. చేతులు కడుక్కొని వచ్చి చాప మీద కూర్చుంది.

"ఆగిపోయిందా?"

అక్షిత తలూపింది. "జ్వరంలా వచ్చిందట. లోపల ఇన్ఫెక్షన్. నెల రోజులు ఆస్పత్రిలోనే ఉన్నాడు. గుండె తప్పేం లేదక్కా. చివరిదాకా గుండె బాగానే ఆడిందట. ఒళ్లే తట్టుకోలేదు."

ఉషారాణి చాలాసేపు పిల్లల దిక్కే చూసింది. అప్పుడు అక్షిత, చెప్పొచ్చో లేదో తెలియని మనిషిలాగా, ఇంకొక మాట చెప్పింది. "ఆయన భార్య మా వాళ్లతో చెప్పమందట. ఆపరేషన్‌కు ముందు ఆయన రెండేళ్లు పడుకోలేదట. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడేది కాదట, గోడకు ఆనుకొని కూర్చొనే కునుకు తీసేవాడట. ఇంటికి వచ్చిన రోజు మంచం మీద కాళ్లు చాపుకొని పొద్దెక్కేదాకా నిద్రపోయాడట. ఆమె, పిల్లలు పక్కన కూర్చొని చూస్తూనే ఉన్నారట."

"పేరన్న జెప్పు చెల్లే. ఇగ పోయిండు గదా."

"చెప్పకూడదక్కా."

ఉషారాణి లేచి పిల్లల పళ్లేలు తీయసాగింది.

శ్రీను పోయిననాడు ఎట్లా ఏడవాలో ఆమెకు తెలియలేదు. ఒక దిక్కు పోయిండు, ఒక దిక్కు ఉన్నడు. ఈసారి అట్లా రెండు దిక్కులు లేవు. ఆ రాత్రంతా నవ్య తల్లిని పట్టుకొనే ఉంది. ఆదివారం పొద్దున్నే ఉషారాణి ముఖం కడుక్కొని కోదాడ బస్సెక్కింది.

దేవదాసు ఇంటి ముందు సైదమ్మ ముక్కాలి పీట మీద కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కోడల్ని చూసి చేట కదపడం ఆపింది. దేవదాసు లోపల్నుంచి వచ్చి "రా ఉషా, లోపలికి రామ్మా" అన్నాడు. ఆమె వాకిట్లోనే నిలబడింది.

"అత్తా, ఒక్క మాట జెప్పి పోతనే. ఆ చెన్నైల మనిషి పోయిండంట."

సైదమ్మ చేతులు బియ్యంలో ఉండిపోయాయి. ఏడాదిన్నరగా పలకరించని కోడలితో ఆమె మాట్లాడిన మొదటి మాట ఇది.

"పిల్లలున్నరా ఆయనకు?"

"ఉన్నరంట."

"పెండ్లాం?"

"ఉన్నది." ఉషారాణి ఆ నిద్ర సంగతి చెప్పింది. రెండేళ్లు కూర్చొని కునికిన మనిషి మంచం మీద కాళ్లు చాపి పొద్దెక్కేదాకా పడుకున్నాడన్న సంగతి. సైదమ్మ నోరు తెరుచుకొని విన్నది.

"పడుకున్నడా?"

"పడుకున్నడంటత్తా."

"నిమ్మలంగ?"

"నిమ్మలంగనే."

సైదమ్మ చేట పక్కన పెట్టింది. పీట మీద నుంచి లేవలేక నేల మీదికి జారి, కోడలి కాళ్ల దగ్గర కూలబడింది. "రెండుసార్లు పోయిండు గదనే నా కొడుకు. ఒక్కపాలి సూసిన, ఇంకొక్కపాలి సూడకపోతి" అని ఏడ్చింది. ఉషారాణి కూడా కిందికి కూర్చుని ఆమెను ఒళ్లోకి తీసుకుంది. దేవదాసు గుమ్మం పట్టుకొని నిలబడ్డాడు. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పుకోలేదు. మధ్యాహ్నం దేవదాసు భార్య అన్నం వడ్డిస్తే సైదమ్మ తినలేదు. ఉషారాణి ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే తింది.

తర్వాతి ఆదివారం అత్తాకోడళ్లు ఇద్దరూ నవ్యను తీసుకొని గరిడేపల్లి పక్క వాళ్ల పల్లె చర్చికి పోయారు. ఆరాధన చివర పోయినవాళ్ల కోసం ప్రార్థన చేసేటప్పుడు పాస్టరయ్య ఎవరి పేరు చెప్పమంటారని అడిగాడు. సైదమ్మ లేచి నిలబడింది.

"పేరు తెల్వదయ్యా. చెన్నైల ఉండె. ఇద్దరు ముగ్గురు పిల్లలంట."

పాస్టరయ్య ఆమె దిక్కు, ఉషారాణి దిక్కు చూసి, పుస్తకం మూసి కళ్లు మూసుకున్నాడు. పేరు లేకుండానే ప్రార్థన చేశాడు. వెనక వరసల్లో, గుండె అమ్ముకుందని ఒకప్పుడు అన్నవాళ్లు కూడా ఆమెన్ అన్నారు.

సైదమ్మ ఇప్పుడు మిర్యాలగూడలోనే ఉంటోంది. మోకాళ్ల నొప్పులు, ఎక్కడికీ పోదు. నవ్య ఇంటర్ చదువుతోంది. ఉషారాణి పొద్దున్నే అంగన్‌వాడీ తాళం తీస్తుంది, గుడ్లు ఉడకేస్తుంది, పిల్లల్ని కసురుతుంది. నెల మొదట్లో ఫోన్ చేతిలోకి తీసుకోవడం మాత్రం ఇంకా మానలేదు. తీసుకొని, ఎవరికి చెయ్యాలో తోచక, కాసేపు పట్టుకొని పక్కన పెడుతుంది.